గోడ లేని గదికి అంత అద్దె దేనికి? లువాంగ్వా ఒడ్డున సఫారీ క్యాంపు లెక్క

లాడ్జి అనగానే మనకు గుర్తొచ్చేది బస్టాండు ఎదురుగా ఉండే మూడంతస్తుల బిల్డింగు. కింద టిఫిన్ సెంటరు, మెట్ల పక్కన రిజిస్టరు, గదిలో ఒక ఫ్యాను, బాత్రూములో బకెట్టు, మగ్గు. అందుకే 'ఆఫ్రికాలో సఫారీ లాడ్జి, మనిషికి రాత్రికి 700 డాలర్లు' అని చదివినవాళ్లు ముందు అది అచ్చుతప్పు అనుకుంటారు. ఫొటోలు చూస్తే అనుమానం ఇంకా పెరుగుతుంది. రెల్లు తడికల గోడలు, గడ్డి కప్పు. నది వైపైతే అసలు గోడే లేదు. స్నానానికి చెట్టుకొమ్మకు వేలాడదీసిన బకెట్టు. ఏసీ లేదు, టీవీ లేదు, వైఫై ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. మన డబ్బుల్లో రోజుకు మనిషికి దాదాపు 60 వేలు పోసి ఇదా?

మోసమా, ఫ్యాషనా, నిజంగానే అంత ఖర్చవుతుందా అని అడిగితే, రెండోదీ మూడోదీ చెరికొంత ఉన్నాయనాలి. మొదటిది కూడా అక్కడక్కడా లేకపోలేదు. అయితే ఈ లెక్క గదిని చూస్తూ కూర్చుంటే తేలదు. గది ముందు పారే నది దగ్గర మొదలుపెట్టాలి. ఆఫ్రికా అంతటికీ ఒకే మాట చెప్పలేం కాబట్టి జాంబియాలోని లువాంగ్వా నదిని తీసుకుందాం. ఇలాంటి నాటు క్యాంపులకు పేరుమోసిన చోటు అదే.

ముందు పేర్ల గొడవ

సఫారీ అన్నది స్వాహిలీ మాట. ప్రయాణం అని అర్థం. మూలం అరబ్బీ. హైదరాబాదులో 'సఫర్' అంటామే, దానికి ఇది చుట్టమే. జంతువుల్ని చూడడం అనే అర్థం తర్వాత అంటుకుంది.

బసకు వాడే పేర్లు మాత్రం అంత తిన్నగా ఉండవు. లాడ్జి అంటే మామూలుగా పక్కా కట్టడం. సిమెంటు, ఇటుక, చాలాచోట్ల చిన్న ఈతకొలను, ఏడాది పొడుగునా తెరిచే ఉంటుంది. టెంటెడ్ క్యాంపు అంటే కాన్వాసు గుడారాలు. గుడారమే కదా అని తీసిపారేయకూడదు, కొన్నింటిలో చెక్క నేల, స్నానాల తొట్టి, రాసుకునే బల్లతో సహా ఉంటాయి. బుష్‌క్యాంపు అంటే పార్కు లోలోపల, నది ఒడ్డున, నాలుగైదు గుడిసెలతో వేసేది. ఏడాదిలో కొన్ని నెలలే ఉంటుంది. ఇవన్నీ కాక క్యాంప్‌సైటు అని ఒకటుంది. అక్కడ మీ టెంటు మీరే వేసుకోవాలి, వంట మీరే చేసుకోవాలి. దానికయ్యేది ఇరవై, ముప్పై డాలర్ల లెక్క.

'రస్టిక్' అనే మాటకు ఏ ప్రభుత్వమూ కొలత పెట్టలేదు. నిజంగా వేరే దారిలేక రెల్లుతో కట్టినదీ రస్టికే, ఆర్కిటెక్టును పెట్టి పల్లెటూరి గుడిసెలా కనబడేట్టు కట్టించినదీ రస్టికే. గందరగోళంలో సగం ఇక్కడే పుడుతుంది. మొదటి రకంలో నాటుదనం అవసరం, రెండో రకంలో అలంకారం. రేటు చూసి ఏది ఏదో పోల్చుకోలేం. నది చెబుతుంది.

నది కదులుతుంటే ఇల్లు నిలబడదు

లువాంగ్వా ఈశాన్య జాంబియాలో, మఫింగా కొండల వైపు పుట్టి, నైరుతిగా 770 కిలోమీటర్ల దాకా పారి జాంబెజీ నదిలో కలుస్తుంది. దాని మధ్యభాగంలో పడమటి ఒడ్డు వెంట సౌత్ లువాంగ్వా నేషనల్ పార్కు ఉంది. 9,050 చదరపు కిలోమీటర్లు. 1972లో నేషనల్ పార్కుగా ప్రకటించారు. దానికి దగ్గరి ఊరు మ్ఫువే. చిన్న విమానాశ్రయం ఉంది, రాజధాని లుసాకా నుంచి విమానంలో గంటకు పైచిలుకు ప్రయాణం.

ఈ నది ప్రధాన ధార మీద ఆనకట్ట లేదు. అసలు విషయమంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. నీటిని ఆపి, కొలిచి వదిలే ఏర్పాటు లేదు కాబట్టి వానాకాలంలో వచ్చిన నీళ్లన్నీ వచ్చినట్టే వస్తాయి. కింద ఇసుక, పక్కన మెత్తటి ఒండ్రు. వంపు తిరిగిన ప్రతిచోటా బయటి గట్టు కోసుకుపోతుంది, లోపలి గట్టున ఇసుక మేట వేస్తుంది. వంపు మరీ ముదిరితే నది అడ్డదారి చూసుకుని తిన్నగా వెళ్లిపోతుంది, పాత వంపు విడిపోయి కొడవలి ఆకారంలో మడుగై మిగులుతుంది. గోదావరి లంకల్లో పుట్టినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. తాతల నాటి కొబ్బరితోట ఇప్పుడు నది మధ్యలో ఉందని చూపించే చేతులు అక్కడ చాలానే ఉంటాయి. లువాంగ్వా ఒడ్డున కూడా క్యాంపుల వాళ్లు అలాగే వేలు చూపిస్తారు: పోయినేడాది మంటచుట్టూ కుర్చీలు వేసింది అదిగో, అక్కడ. ఇప్పుడక్కడ నీళ్లు.

ఇలాంటి గట్టు మీద సిమెంటు పునాది వేసేవాడి ధైర్యాన్ని మెచ్చుకోవచ్చుగానీ తెలివిని మెచ్చుకోలేం.

రెండో కారణం నేల. లోయ అడుగున చాలాచోట్ల ఉన్నది నల్లరేగడి. ఎండితే నెర్రెలు విచ్చి ఇనుములా ఉంటుంది, తడిస్తే కాలు పెడితే మోకాలిదాకా లాగేస్తుంది. నవంబరులో వానలు మొదలవగానే లోపలి బాటలు జీపు చక్రాలకు లొంగవు. ఏప్రిల్ దాకా అంతే. మ్ఫువే దగ్గర గట్టి రోడ్డున్న పక్కా లాడ్జీలు మాత్రం ఏడాదంతా నడుస్తాయి. లోపలి బుష్‌క్యాంపులకు దారే ఉండదు.

అందుకే అక్కడి సంవత్సరం ఇలా తిరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో నీరు తగ్గుతుంది. ముందు బాటలు చదును చేస్తారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి గడ్డి, రెల్లు, వెదురు, వాసాలు కొనుక్కొస్తారు. మనుషులు రోజుల తరబడి అక్కడే ఉండి గుడిసెలు లేపుతారు. మే ఆఖరుకో జూన్‌కో అతిథులు దిగుతారు. అక్టోబరు ఆఖరులో, కాస్త అటూ ఇటూగా, మూసేస్తారు. మూయడమంటే తాళం వేయడం కాదు, విప్పేయడం. మంచాలు, సోలార్ పలకలు, నీళ్ల ట్యాంకులు, గిన్నెలు అన్నీ లారీల్లో వెనక్కి పోతాయి. మిగిలిన గడ్డి, కర్ర మట్టిలో కలిసిపోతాయి లేదా వరదలో కొట్టుకుపోతాయి. మరుసటి ఏడు మళ్లీ మొదటికి.

పాపికొండల దగ్గర కొల్లూరు ఇసుకతిన్నెల మీద వెదురు గుడిసెల్లో ఒక రాత్రి పడుకున్నవాళ్లకు ఈ పద్ధతి కొత్తేం కాదు. వరద వచ్చేలోపు ఎత్తేయగలిగిందే నది ఒడ్డున కట్టాలి. ఏనుగులు, సింహాలు, వందల హిప్పోలు అదనం, అంతే తేడా.

బకెట్టు స్నానం, రాత్రి అడుగులు

గుడిసె ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూద్దాం. మూడువైపులా రెల్లు తడిక, మనిషి తల ఎత్తు దాటి ఉంటుంది. నాలుగోవైపు ఖాళీ, లేదంటే సగం ఎత్తు గోడ. మంచం చుట్టూ పెద్ద దోమతెర. ఇది అందం కోసం కాదు, లోయలో మలేరియా ఉంది. వెనక పైకప్పు లేని స్నానాలగది. పగలు సూర్యుడు, రాత్రి చుక్కలు.

సాయంత్రం స్నానానికి నీళ్లు అడిగితే ఒక మనిషి కట్టెల మంట మీద కాగిన నీళ్లు మోసుకొచ్చి కాన్వాసు బకెట్టులో పోస్తాడు. బకెట్టు అడుగున షవరు మూతి, దానికి చిన్న మర ఉంటుంది. తాడు లాగితే కప్పీ మీద బకెట్టు పైకి వెళుతుంది. మర తిప్పితే నీళ్లు. మొత్తం ఇరవై లీటర్లు ఉంటాయేమో. ఒళ్లు తడుపుకుని, మర కట్టేసి, సబ్బు రాసుకుని, మళ్లీ తిప్పుకోవాలి. మొదటిరోజు అందరూ నురగ ఉండగానే నీళ్లు అవగొట్టేస్తారు. బావి దగ్గర చెంబుతో స్నానం చేసి పెరిగినవాళ్లే ఇక్కడ నెగ్గుతారు.

కరెంటు సోలార్. మధ్యలో భోజనాలకు, కబుర్లకు అందరూ చేరే గడ్డికప్పు చావడిని అక్కడ చిటెంజె అంటారు. ఫోన్ల ఛార్జింగు చాలాచోట్ల అక్కడే. తిండి విషయంలో రేటుకు తగ్గట్టే చూస్తారు. స్థానికుల ముఖ్య ఆహారం న్షిమా, మొక్కజొన్న పిండితో చేసే ముద్ద. మన సంకటికి అన్నదమ్ముడు. కుడిచేత్తో చిన్న ఉండ చేసి, మధ్యలో బొటనవేలితో గుంట నొక్కి, కూరలో ముంచి తింటారు. అతిథుల బల్ల మీదికి మాత్రం అది అప్పుడప్పుడే వస్తుంది, 'లోకల్ వంట' అనే ముద్రతో. మీ వెంట తెచ్చుకున్న తిండి ఏదైనా వంటశాలకు అప్పగించాల్సిందే. ఆవకాయ సీసా కూడా. పండు వాసనకు ఏనుగు, ఏ వాసనకైనా కోతి, ఎముకల వాసనకు దుమ్ములగొండి వచ్చేస్తాయి, తడిక వాటికి అడ్డం కాదు.

చీకటి పడ్డాక గుడిసె నుంచి చావడికి నలభై అడుగులే ఉన్నా ఒంటరిగా నడవనివ్వరు. టార్చి పట్టుకుని మనిషి వచ్చి తీసుకెళ్లాలి. కారణం సింహం కంటే ఎక్కువగా హిప్పో. పగలంతా నీళ్లలో మునిగి ముక్కులు మాత్రం పైన పెట్టుకునే ఈ జంతువు రాత్రయితే మేతకు గట్టెక్కుతుంది. ఒక్కోటి టన్నున్నర దాకా, ఇంకా ఎక్కువ కూడా తూగుతుంది. రాత్రికి నలభై కిలోల గడ్డి మేస్తుంది. క్యాంపు ఉన్నది దాని నడకదారిలో. మీరు దానికీ నీళ్లకీ మధ్యలో నిలబడితే అది పక్కకు తప్పుకుని వెళ్లదు. రాత్రి రెండింటికి తడిక అవతల గడ్డి పరపరా తెంపుతున్న చప్పుడు, నమిలే చప్పుడు, మధ్యమధ్యలో బరువుగా ఒక నిట్టూర్పు వినిపిస్తాయి. ఎంత టెన్షన్ పడ్డా చేయాల్సింది ఒకటే, మంచం దిగకుండా ఉండటం.

సఫారీకి వెళ్లేవాళ్లు వేసుకునే ఖాకీ బట్టల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అది సినిమా ఫ్యాషన్ అనుకుంటాం. లోయలో సెట్సీ ఈగలున్నాయి, కుడితే సూది గుచ్చినట్టుంటుంది, నిద్రజబ్బును మోసేది కూడా అవే. వాటికి నీలం, నలుపు రంగులంటే ఇష్టం. వాటిని పట్టే ఉచ్చులను కూడా ఆ రంగుల గుడ్డతోనే కుడతారు. నీలం జీన్స్ వేసుకుని వెళితే మీరే నడిచే ఉచ్చు.

రేటు లెక్క: కాగితం మీద పెట్టి చూద్దాం

కింది అంకెలు అర్థం కావడానికి వేసుకున్నవి, ఫలానా క్యాంపువి కావు.

అయిదు గుడిసెల క్యాంపు అనుకోండి. గుడిసెకు ఇద్దరు, మొత్తం పదిమంది. జూన్ 1 నుంచి అక్టోబరు 31 దాకా 153 రాత్రులు. పదిని 153తో హెచ్చిస్తే 1,530 'మంచం రాత్రులు'. సీజనంతా నిండుగా ఉండదు కదా, మూడింట రెండు వంతులు నిండిందనుకుంటే 1,020. ఏడాది మొత్తంలో ఆ క్యాంపు అమ్మగలిగిన సరుకు అంతే. అదే హైదరాబాదులో అరవై గదుల హోటలుకు ఇదే పద్ధతిలో లెక్కేస్తే 29,200 వస్తుంది.

ఇప్పుడు ఖర్చు. ఏటా కట్టి విప్పడం, బాటలు, జీపులు, వాటికి డీజిలు, విమానంలో లేదా లారీలో వచ్చే సరుకులు, పార్కుకు కట్టే లీజు, లైసెన్సులు. వీటన్నింటికంటే ముందు జీతాలు. గైడు, తుపాకీతో వెంట నడిచే స్కౌటు, వంటవాళ్లు, నీళ్లు కాచేవాళ్లు, రాత్రి కాపలా కలిపితే అతిథుల సంఖ్యకు రెట్టింపు పనివాళ్లుండటం ఇక్కడ మామూలే. అన్నీ కలిపి ఏడాదికి నాలుగు లక్షల డాలర్లు అనుకుంటే, 1,020తో భాగిస్తే మనిషికి రాత్రికి 392 డాలర్లు. ఇది లాభం లేకుండా. పైన లాభం, బుకింగ్ చేయించే ఏజెంటు కమీషను కలిస్తే 600, 700 దగ్గర తేలడం ఆశ్చర్యం కాదు. అదే క్యాంపు, అదే ఖర్చుతో ఏడాదంతా నడవగలిగితే 164 డాలర్లకు పడిపోయేది. నల్లరేగడి వల్ల అది కుదరదు.

రెండో చిక్కు రేటు రాసే పద్ధతిలో ఉంది. మన హోటళ్లు గదికి రేటు చెబుతాయి. సఫారీ క్యాంపులు మనిషికి చెబుతాయి, అదీ ఇద్దరు ఒక గది పంచుకుంటే అనే షరతుతో. ఒంటరిగా వెళ్లేవాళ్లకు అదనపు రుసుము పడొచ్చు. పైగా క్యాంపు రేటులో భోజనం, రోజుకు రెండు సఫారీలు, చాలాచోట్ల పార్కు రుసుము కూడా కలిసి ఉంటాయి. బయట ఉన్న లాడ్జి రేటులో గది ఒక్కటే ఉండొచ్చు.

భార్యాభర్తలు నాలుగు రాత్రులుంటారు అనుకుందాం. లాడ్జి గదికి 300 డాలర్లు, క్యాంపు మనిషికి 700. ప్రకటనలో చూస్తే 300 ఎక్కడ, 700 ఎక్కడ, రెట్టింపు కంటే కాస్త ఎక్కువ అనిపిస్తుంది. నిజానికి గది లెక్కన 300కు 1,400, అంటే దాదాపు అయిదు రెట్లు. అక్కడితో ఆగకూడదు. లాడ్జిలో గదికి 1,200. సఫారీ మనిషికి 60 చొప్పున ఇద్దరికీ రోజుకు రెండేసి, నాలుగు రోజులకు 960. భోజనాలకు మనిషికి రోజుకు 40 వేస్తే 320. పార్కు రుసుము 30 అనుకుంటే 240. మొత్తం 2,720. క్యాంపులో 5,600. ఆఖరికి తేడా రెట్టింపుకు కాస్త ఎక్కువ. మొదట అనిపించిందానికి దగ్గరే, కానీ అక్కడికి చేరిన దారి వేరు.

ఆ మిగిలిన రెట్టింపు దేనికి? జనం లేకపోవడానికి. పదిమందే ఉండటం, చిరుతను చూస్తున్నప్పుడు పక్కన ఇంకో ఇరవై జీపులు లేకపోవడం. దీనికి వెల కట్టడం సబబేనా అన్నది ఎవరి జేబు వాళ్లు చూసుకోవాల్సిన విషయం. నన్నడిగితే, రేటు ఎక్కువన్నది నిజమే, మోసమనడం మాత్రం చాలావరకు తప్పు. మోసం ఎక్కడుంటుందంటే, పక్కా రోడ్డు పక్కన ఏడాదంతా నడుస్తూ, గోడకు రెల్లు అతికించి, అదే రేటు అడిగేచోట.

కాలినడకన వెళ్లడం ఏమిటి?

లువాంగ్వాకు పేరు తెచ్చింది నడక సఫారీ. మన పులుల అభయారణ్యాల్లో చాలాచోట్ల జీపు దిగనివ్వరు. ఇక్కడ జీపు ఎక్కకుండా వెళ్లడమే గొప్ప. వన్యప్రాణుల శాఖలో పనిచేసిన నార్మన్ కార్ అనే ఆయన 1960ల్లో దీన్ని ఇక్కడ మొదలుపెట్టాడు.

పద్ధతి గట్టిగా ఉంటుంది. ముందు తుపాకీతో పార్కు శాఖ స్కౌటు, వెనక పరీక్షలు పాసైన గైడు, ఆ వెనక అతిథులు ఒకరి వెనక ఒకరు, ఆరేడుగురికి మించకుండా. కొన్నిచోట్ల ఆఖరున టీ సామాను మోసే మనిషి. గైడు జేబులో చిన్న గుడ్డసంచిలో బూడిద ఉంటుంది. నాలుగడుగులకోసారి దాన్ని దులిపి గాలి ఎటు వీస్తోందో చూస్తాడు. ఏనుగుల మంద కనిపిస్తే గాలి మన నుంచి దానివైపు వీయకుండా చుట్టూ తిప్పి తీసుకెళతాడు. తుపాకీ పేల్చాల్సి వచ్చిందంటే ఆ నడక విఫలమైందనే లెక్క.

ప్రమాదం లేదా? ఉంది. చిన్నపిల్లల్ని నడకకు రానివ్వకపోవడానికి కారణం అదే, పన్నెండేళ్ల లోపు వాళ్లకు చాలా క్యాంపుల్లో ఆ అనుమతి ఉండదు. జంతువుల దగ్గరికి వెళ్లడమే దీని ఉద్దేశం అనుకుంటే పొరపాటు. జీపు మీంచి కంటే నడకలో తక్కువ జంతువులే, అవీ దూరంగానే కనిపిస్తాయి. పేడ, అడుగుజాడలు, చెదలపుట్ట, గట్టు బొరియల్లో గూళ్లు పెట్టుకున్న ఎర్ర బీ-ఈటర్ పిట్టలు, ఇవి చూడటానికి నడుస్తారు. సింహం కోసమే వచ్చినవాళ్లకు ఇది దండగ ఖర్చులా అనిపించొచ్చు. ఆ మాట ముందే చెప్పే ఏజెంట్లు తక్కువ.

డబ్బు నది దాటుతుందా?

నదికి ఒకవైపు పార్కు, రెండోవైపు మనుషులు. తూర్పు ఒడ్డున ఉన్నది గేమ్ మేనేజ్‌మెంట్ ఏరియా. అంటే ఊళ్లు, పొలాలు ఉంటాయి, జంతువులూ తిరుగుతాయి, లైసెన్సు మీద వేట కూడా ఉంటుంది. అక్కడివాళ్లు ఎక్కువగా కుండా తెగవాళ్లు.

1950 ప్రాంతంలో ఇదే నార్మన్ కార్ స్థానిక తెగపెద్ద న్సెఫును ఒప్పించి, ఆయన భూమిలో కొంత జంతువులకు వదిలిపెట్టించి, చూడ్డానికి వచ్చేవాళ్లకోసం నది ఒడ్డున ఆరు గుండ్రటి గుడిసెలు వేయించాడు. రాబడి తెగకే. అప్పటిదాకా ఇక్కడ సఫారీ అంటే వేటే. జంతువును చంపకుండా చూపించి డబ్బు సంపాదించవచ్చన్నది అక్కడ కొత్త ఆలోచన. ఆ డబ్బు ఊరికి చేరకపోతే ఊరు జంతువును కాపాడదన్నది దాని లోపలి ఆలోచన. తర్వాత జరిగిందేమిటంటే, 1970, 80ల్లో దంతాల కోసం ఏనుగుల్ని, కొమ్ముల కోసం ఖడ్గమృగాల్ని ఊచకోత కోశారు. 1998కల్లా జాంబియాలో నల్ల ఖడ్గమృగం ఒక్కటీ మిగల్లేదని తేల్చారు. 2003 నుంచి నార్త్ లువాంగ్వాలో బయటి నుంచి తెచ్చి మళ్లీ పెంచుతున్నారు.

ఇప్పటి వాదన రెండు వైపులా బలంగానే ఉంది. తక్కువ మంది, ఎక్కువ రేటు అన్న పద్ధతిని సమర్థించేవాళ్లు ఉద్యోగాల్ని చూపిస్తారు. వేరే ఫ్యాక్టరీ లేని లోయలో వంటవాడి జీతం మీద ఒక పెద్ద కుటుంబం బతుకుతుంది, గడ్డి కోసి అమ్మే ఆడవాళ్లకు ఏటా ఆదాయం, వేటగాళ్ల ముఠాలను ఆపే గస్తీలకు చందాలు. జనాన్ని పెంచి రేటు తగ్గిస్తే మిగిలేది దుమ్మూ జీపుల వరసే అంటారు. బోట్స్వానా దేశం 1990 నుంచి ఇదే దారిని తన విధానంగా పెట్టుకుంది.

ఎదుటివైపు వాళ్లు అడిగేవి కూడా తేలిగ్గా కొట్టిపారేసేవి కావు. క్యాంపుల యాజమాన్యం ఎక్కువగా ఎవరి చేతుల్లో ఉంది? ఏడాదిలో సగం నెలలే ఉన్న ఉద్యోగం మిగతా సగంలో ఏం పెడుతుంది? సొంత దేశపు నదిని చూడ్డానికి సగటు జాంబియా కుటుంబానికి స్తోమత లేకపోవడం ఏమిటి? కోవిడ్ ఏడాది విమానాలు ఆగిపోయేసరికి ఈ ఏర్పాటు ఎంత సన్నటి తాడు మీద నిలబడిందో అందరికీ అర్థమైంది. వేట సంగతి ఇంకో ముడి. సింహం, చిరుత వేటను జాంబియా 2013లో నిషేధించి, తర్వాత మూడేళ్లలో రెండింటికీ మళ్లీ అనుమతిచ్చింది. వేట లైసెన్సుల రాబడిలో ఊళ్ల బోర్డులకు వాటా వస్తుంది కాబట్టి నిషేధాన్ని ఊళ్లన్నీ చప్పట్లతో స్వాగతించలేదు. ఫొటోలు తీసే అతిథికి ఘోరంగా కనిపించేది పొలం గట్టున ఉన్నవాడికి బడి కప్పు రేకులుగా కనిపించొచ్చు.

ఇక ఏనుగు. పంట చేతికొచ్చే రోజుల్లో రాత్రిపూట నది దాటి మొక్కజొన్న పొలాల్లో పడుతుంది. క్యాంపు వరండాలో కూర్చుని 'ఎంత అందంగా ఈదుతోందో' అని మనం ఫొటో తీసే ఏనుగు గంట తర్వాత ఎవరి ఏడాది తిండిలో కాలు పెడుతుందో మనకు కనబడదు. దీనికి ఇక్కడ వాడుతున్న మందు గుంటూరు వాళ్లకు నచ్చుతుంది: మిరపకాయ. పొలం చుట్టూ మిరప పట్టించిన కంచెలు కట్టడం, ఎండు మిరపను పేడతో కలిపి పొగబెట్టడం, ఇంకా చమత్కారంగా, మిరప రసం నింపిన పింగ్‌పాంగ్ బంతిని చిన్న గొట్టపు తుపాకీతో ఏనుగు ఒంటి మీద పేల్చడం. బంతి పగులుతుంది, ఘాటు ముక్కుకెక్కుతుంది, ఏనుగు వెనక్కి తిరుగుతుంది. దెబ్బేమీ తగలదు. గస్తీ తిరిగే ఈ మిరప దళాలకు జీతాలిచ్చే సంస్థలకు క్యాంపుల నుంచి, అతిథుల నుంచి చందాలు వెళతాయి. మీ 700లో కొన్ని డాలర్లు ఇలా పింగ్‌పాంగ్ బంతులవుతాయన్నమాట.

ఒడ్డు మీద హక్కు ఎవరిది

అందరికీ నది కనబడే గదే కావాలి. జంతువులకూ ఆ ఒడ్డే కావాలి. గొడవకు మూలం ఇది. కెన్యాలోని మసాయి మారా అభయారణ్యంలో ఇది బాగా ముదిరింది. 2024 మే 1న తలేక్ నది రాత్రికి రాత్రి పొంగి పదికి పైగా క్యాంపుల్ని ముంచేసింది, అతిథుల్ని హెలికాప్టర్లలో తీసుకెళ్లాల్సి వచ్చింది. ఒడ్డుకు అంత దగ్గరగా ఎందుకు కట్టనిచ్చారన్న ప్రశ్న అప్పుడు గట్టిగా లేచింది. 2025 ఆగస్టులో అక్కడే సాండ్ నది దగ్గర 20 సూట్ల విలాస క్యాంపు తెరిస్తే, అది వలస జంతువుల దారికి అడ్డమని ఒక మసాయి పరిశోధకుడు కోర్టుకెళ్లారు. ఆ చోటు వలస దారిలో లేదని కెన్యా వన్యప్రాణి శాఖ తన వాదన వినిపించింది. జంతువులకు కట్టిన జీపీఎస్ పట్టీల లెక్కల్ని ముందుపెట్టింది. ఒక్క లాడ్జి వలసను ఆపకపోవచ్చు. పదో లాడ్జి, ఇరవయ్యో లాడ్జి మాటేమిటన్నదే అసలు ప్రశ్న, దానికి ఒక్కో కేసూ విడిగా జవాబు చెప్పలేదు.

లాడ్జీల మీద పడే మురుగు నిందకు మాత్రం చిన్న సవరణ. నదిలో కలిసే మలినమంతా లాడ్జీలదే అనుకోనక్కర్లేదు. మారా నదిలో 4,000కు పైగా హిప్పోలు కలిసి రోజుకు 8,500 కిలోల సగం అరిగిన మేతను నీళ్లలో వదులుతాయని పరిశోధకులు లెక్కగట్టారు. ఎండాకాలంలో అది మడుగుల్లో పేరుకుపోయి, వాన రాగానే ఒక్కసారి కిందికి కొట్టుకొచ్చి ఆక్సిజన్ లేక చేపలు తేలిపోతాయి. ఇది ఆ నదికి మామూలు జీవితం. సబ్బు, ప్లాస్టిక్, డీజిలు మాత్రం హిప్పోలవి కావు.

లువాంగ్వాకు అసలు ముప్పు లాడ్జీల నుంచి కంటే ఆనకట్ట నుంచే రావచ్చు. దిగువన న్దేవు గార్జ్ దగ్గర జలవిద్యుత్ ప్రాజెక్టు ఆలోచన వచ్చింది, జనం సంతకాల ఉద్యమం తర్వాత 2019లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. కరెంటు కోతలతో విసిగిన లుసాకా మనిషికి మరి ఆ ప్రాజెక్టు అక్కర్లేదా అంటే, కావాలి. అతనికి చిటెంజెలో సోలార్ దీపం వెలుతురు కవిత్వంగా కనబడదు. పోలవరం గురించి రెండు ఊళ్లలో రెండు మాటలు విన్నవాళ్లకు ఇది అర్థమవుతుంది.

అక్టోబరు ఆఖరుకు వద్దాం. లోయలో ఎండ నలభై దాటుతుంది. నది సన్నటి పాయై, మిగిలిన మడుగుల్లో హిప్పోలు వీపుకు వీపు ఆనించుకుని నిలబడతాయి. జంతువులు బాగా కనిపించే నెల ఇదే, గుడిసెలో మధ్యాహ్నం పడుకోలేని నెలా ఇదే. తడిగుడ్డ కప్పుకుని పడుకోమంటారు. తూర్పున మబ్బు కనబడగానే క్యాంపు మేనేజరు లారీ కోసం కబురు పెడతాడు. ఆఖరి అతిథులు వెళ్లిన మర్నాడు దోమతెరలు మడతపెడతారు, కప్పీల నుంచి బకెట్లు దింపుతారు, తడికలు విప్పుతారు. గుంజలు మాత్రం కొన్ని అలాగే వదిలేస్తారు. మే నెలలో తిరిగొచ్చినప్పుడు ముందు చూసేది వాటినే. మూడు గుంజలు నిలబడి, నాలుగోది గట్టుతో పాటు పోయి ఉంటే, ఈ ఏడు గుడిసె పది గజాలు వెనక్కి.